బరంపురము నుండి ఖరగ్‌పూరు వరకు: బహుభాషా కార్మికసంఘమున గిరిగారి కృషి

గంజాం మండలమున బరంపురము, ఛత్రపురము, చమఖండి ప్రాంతములలో తెలుగువారును ఒడియావారును తరతరములుగా ఇరుగుపొరుగై జీవించుచున్నారు. అంగడిలో రెండు భాషలును వినవచ్చును. అయినను, 1903లో మధుసూదనదాసుగారు ఉత్కళ సమ్మిళనిని స్థాపించిన పిమ్మట, ఈ మండలము ఎవరిదను వాదము పెచ్చు పెరిగెను. 1936 ఏప్రిల్ 1న గంజాములో అధికభాగము నూతన ఒరిస్సా రాష్ట్రమున చేరగా, ఇచ్ఛాపురము, టెక్కలి మదరాసులోనే నిలిచినవి.

ఆ వాదము ముదురుచున్న కాలముననే, వేరువేరు భాషల జనమును ఒక్క సంఘముగా కూర్చు యత్నము రైలుమార్గము వెంట సాగెను. దానిని నడిపినవారిలో ముఖ్యులు బరంపురమువారే. వరాహగిరి వెంకటగిరిగారు 1894 ఆగస్టు 10న ఇచ్చట జన్మించిరి. 1913లో న్యాయశాస్త్రము నభ్యసించుటకు డబ్లినునకేగిరి. ఆ యేటనే అచ్చట జేమ్స్ లార్కిన్ నాయకత్వమున కార్మికులకును యజమానులకును ఘోరమైన పెనుగులాట జరిగెను. ఐర్లండు స్వాతంత్ర్యోద్యమముతో సంబంధమేర్పడినందున 1916లో వారికి ఆ దేశము విడువవలసి వచ్చెను.

బెంగాల్ నాగపూర్ రైల్వే హౌరా నుండి కటకము, బరంపురముల మీదుగా వాల్తేరు వరకు వ్యాపించియుండెను. బెంగాలులోని ఖరగ్‌పూరు దాని కర్మశాలకు స్థానము. అచ్చటి పనివారిలో బెంగాలీలు, ఒడియాలు, హిందీవారు ఉండిరి. తెలుగువారి సంఖ్యయు తక్కువది కాదు. ఇట్టిచోట ఏ ఒక్క భాష పేర సంఘము పెట్టినను తక్కినవారు దూరమగుదురు. యజమానికి కావలసినదియు అదియే. కూలి, పని గంటలు, ఉద్యోగభద్రత - వీనికి భాష లేదు. 1927లో సిబ్బంది తగ్గింపు మీద ఖరగ్‌పూరులో సమ్మె జరిగినప్పుడు, తొలగింపు పట్టికలో ఉన్నవాని మాతృభాష యేదని అడుగువాడు లేడు. తన భాషను వదలుకొమ్మని సంఘము ఎవనిని కోరనక్కరలేకపోయెను. ఈ కూర్పునకు బలము ఇందే యున్నదని తోచును.

అదే సంవత్సరమున గిరిగారు జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సమావేశమునకు భారతకార్మికుల ప్రతినిధిగా వెళ్లిరి. 1919లో ఏర్పడిన ఆ సంస్థలో ప్రభుత్వములు, యజమానులు, కార్మికులు మూడు పక్షములుగా కూర్చుందురు. ఖరగ్‌పూరులో నలుగురు భాషలవారితో మెలగినవారికి అది మరీ కొత్త సభ కాకపోయి యుండవచ్చును!

అయితే ఈ ఐక్యత సరిహద్దు వాదమును ఆపలేదు. పనిచోట కలిసినవారే ఊరికి వచ్చి చెరియొక పక్షమున నిలువవచ్చును. కార్మికసంఘము పరిధి అంతవరకే. గిరిగారి జన్మస్థలము ఒరిస్సాలో చేరిన మరుసటి యేడు, 1937లో, వారు మదరాసు శాసనసభకు బొబ్బిలి నుండి ఎన్నికై, రాజాజీ మంత్రివర్గమున కార్మికశాఖ చేపట్టిరి.