చేతికి రోడ్డు తగలాలి



పోయిన ఆదివారం మన హాలుకు వచ్చినవాళ్ళు వెనక గదిలో స్టీరింగు చూసే ఉంటారు. రానివాళ్ళకు కబురు ఈపాటికి చేరే ఉంటుంది, దారిలో కొంచెం కారం కూడా కలిసి. "సంఘం డబ్బుతో పిల్లకాయలకు రేసు నేర్పుతారా?" అని ఒక పెద్దాయన ఫోను చేసి గట్టిగానే అడిగారు. అడగడంలో తప్పు లేదు. పోయిన ఏడు మనవాళ్ళ అబ్బాయి ఒకడు బైపాసు మీద పందెం వేసుకుని బైకుతో పడి, మూడు నెలలు మంచం దిగలేదు. ఆ ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్ళలో మేమూ ఉన్నాం. కాబట్టి ఈ జవాబు ఫోనులో రెండు ముక్కల్లో తేల్చేది కాదు, ఇక్కడే వివరంగా రాస్తున్నాం.

ముందు లెక్క చెప్పేస్తాం. స్టీరింగు కొన్నది కాదు. ఉద్యోగానికి పై దేశం పోతూ మన సభ్యుడొకరి కొడుకు ఇచ్చిపోయిన లాజిటెక్ జీ29 అది. కంప్యూటరు కూడా ఇంకొకరి ఇంట్లో మూలన పడున్నదే. మేం ఖర్చు పెట్టాల్సింది ఒక్క ఆటకు. ఏ ఆట కొనాలో అరగంటలో తేలుతుందనుకున్నాం. మూడు వారాలు పట్టింది.

మొదట పిల్లలు అడిగిందే పెట్టాం. ఊరి వీధుల్లో కార్లు దూకుతూ, గోడకు కొట్టుకున్నా మళ్ళీ అదే వేగంతో పరిగెత్తే ఆట. చూడ్డానికి బ్రహ్మాండం. అప్పుడే మన చిన్నాయన లోపలికొచ్చారు. ముప్పై ఏళ్ళకు పైగా బస్సు తోలిన మనిషి, పవర్ స్టీరింగు లేని రోజుల్నుంచీ. పిల్లలు బలవంతం చేసి కూర్చోబెట్టారు. ఆయన స్టీరింగు అటు తిప్పారు, ఇటు తిప్పారు, రెండు మలుపులు పోయాక చేతులు తీసేసి అడిగారు: "ఏరా అబ్బోడా, దీంట్లో రోడ్డేది?"

తెర మీద కనిపిస్తోందిగా తాతా అన్నాడు వాడు. "కళ్ళకు కనిపిస్తోందిలే, చేతికి రాలేదే" అన్నారాయన.

ఆ ఒక్క మాట పట్టుకుని మేం వెనక్కి వెళ్ళి వెతికాం. తీరా చూస్తే ఈ ఆటల యాభై ఏళ్ళ చరిత్ర అంతా చిన్నాయన అడిగిన ప్రశ్న చుట్టూనే తిరిగింది.

1974లో అటారీ వాళ్ళు గ్రాన్ ట్రాక్ 10 అనే యంత్రం తెచ్చారు. బీరువా అంత పెట్టె, దానికి స్టీరింగు, గేరు, కింద పెడళ్ళు. తెర మీద చుక్కలతో గీసిన దారి, దాన్ని పైనుంచి చూస్తున్నట్టు ఒక చిన్న బండి బొమ్మ. 1982లో నామ్కో వాళ్ళ పోల్ పొజిషన్ వచ్చేసరికి చూపు బండి వెనక్కి మారింది, జపాన్‌లోని ఫూజీ ట్రాకు ఎదురుగా పరుచుకుంది. అయినా ఆ స్టీరింగు తిరగడం అంటే రేడియో చెవి తిప్పినట్టే. చెయ్యి చెప్పేది బండి వింటుంది, బండి చెప్పేది చేతికి రాదు.

1989లో అదే అటారీ హార్డ్ డ్రైవిన్ అనే యంత్రం తెచ్చింది. అందులో క్లచ్చు ఉంది, న్యూట్రల్ ఉంది, బండి ఆగిపోతే తాళం తిప్పి మళ్ళీ స్టార్టు చెయ్యాలి. అసలు సంగతి స్టీరింగు వెనక ఉన్న మోటారు. బండి మలుపులో పడితే ఆ మోటారు స్టీరింగును ఎదురు తోస్తుంది. ఆట స్థలాల్లో కాసులు వేసి ఆడే యంత్రానికి అంత శ్రమ ఎందుకని ఆనాడు నవ్వినవాళ్ళు కూడా ఉండే ఉంటారు. మాకు మాత్రం ఈ కథలో పెద్ద మలుపు అదే అనిపించింది.

ఇంకోవైపు ఇళ్ళల్లోని కంప్యూటర్ల మీద వేరే పని జరుగుతోంది. ఇంగ్లండులో జెఫ్ క్రామండ్ అనే ఆయన 1984లో బీబీసీ మైక్రో కంప్యూటరుకు రెవ్స్ అనే ఆట రాశాడు. ఫార్ములా త్రీ బండి, సిల్వర్‌స్టోన్ ట్రాకు. అమెరికాలో డేవిడ్ కేమర్, ఒమర్ ఖుదారి కలిసి పెట్టిన పాపిరస్ సంస్థ 1989లో ఇండియానాపోలిస్ 500 ఆట తెచ్చింది. అదే సంస్థ 1998లో గ్రాండ్ ప్రి లెజెండ్స్ చేసింది. 1967 నాటి ఫార్ములా వన్ పోటీలు, రెక్కలు లేని బండ్లు, సన్న టైర్లు. మొదటిసారి కూర్చున్నవాడు ఒక చుట్టు పూర్తి చెయ్యడమే గగనం. ఆట కష్టమని జనం అంతగా కొనలేదు. కానీ కొన్నవాళ్ళు దాన్ని ఇప్పటికీ వదల్లేదు.

మన కోయంబత్తూరులో ఆ రోజుల్లో మేం ఏం చేస్తున్నాం? బ్రౌజింగు సెంటర్లో గంటకింత అని ఇచ్చి రోడ్ రాష్ ఆడుతున్నాం, కీబోర్డు బాణాల మీద. గొలుసు తిప్పి పక్కవాణ్ణి కొట్టడమే మాకు తెలిసిన రేసింగు. ఈ కమిటీలో ఉన్న నలుగురికీ అదే చదువు అని ఒప్పుకుంటున్నాం.

ఇళ్ళకు మంచి స్టీరింగు వచ్చింది తర్వాత. 2001లో గ్రాన్ టురిస్మో 3తోపాటు ఎదురు తోసే స్టీరింగు ప్లేస్టేషన్ 2కు వచ్చింది. 2006లో లాజిటెక్ జీ25 వచ్చాక క్లచ్చు పెడలూ, నిజం బండిలాంటి గేరు కడ్డీ, 900 డిగ్రీల తిరుగుడూ ఒకే పెట్టెలో దొరికాయి. 900 డిగ్రీలంటే ఈ చివరనుంచి ఆ చివరకు రెండున్నర చుట్లు. మన గదిలో ఉన్న జీ29 ఆ వంశంలోదే, 2015లో వచ్చింది.

ఇక్కడే మాకు ఒక భ్రమ వదిలింది. స్టీరింగు మంచిదైతే చాలనుకున్నాం. చాలదు. లోపలున్న మోటారుకు ఎప్పుడు ఎంత తోయాలో చెప్పేది ఆట. నిజం బండిలో మలుపు తిప్పినప్పుడు ముందు టైరు రబ్బరు నేల మీద కొంచెం మెలి తిరుగుతుంది. ఆ మెలి విడిపోవాలని చూస్తూ స్టీరింగును నడిమికి లాగుతుంది. మనకు చేతిలో తెలిసే బరువు చాలావరకు అదే. మలుపు బిగిసేకొద్దీ బరువు పెరుగుతుంది. పట్టు జారబోయే ముందు మాత్రం ఆ బరువు ఉన్నట్టుండి పలచబడుతుంది. వానలో బస్సు తోలినవాళ్ళకు ఇది పుస్తకం చదివి తెలియనక్కర్లేదు. బండి జారాక కళ్ళకు తెలుస్తుంది, జారకముందే చేతికి తెలుస్తుంది. మంచి ఆట సెకనుకు వందలసార్లు టైరు మీది బరువూ, మెలీ లెక్కగట్టి ఆ కబురు మోటారుకు పంపుతుంది. చెడ్డ ఆట మలుపు వస్తే గట్టిగా పట్టుకుంటుంది, గోడకు తగిలితే గడగడ వణికిస్తుంది. పిల్లలు ఆ వణుకే గొప్ప అనుకున్నారు. చిన్నాయన మోసపోలేదు.

ఇప్పుడు ఫోను చేసిన పెద్దాయన ప్రశ్నకు వస్తాం. అయ్యా, మన ఊళ్ళో బండి పిచ్చి మేం తెచ్చింది కాదు. తెలుగు మాట్లాడే మన ఇళ్ళలో పుట్టిన జీ.డీ. నాయుడు గారు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య మొదలుపెట్టిన కథ అది. రేసులకైతే మద్రాసు దగ్గర షోళవరం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంనాటి రన్‌వే మీద పందేలు. రన్‌వే కాబట్టి వేగానికి కొదవ లేదు, ప్రేక్షకుడికి నీడ మాత్రం లేదు. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాకు వచ్చాక రేసులు అక్కడికి పోయాయి.

ఆ షోళవరంలో మన కోయంబత్తూరు పేరు నిలబెట్టినవాళ్ళలో ఎస్. కరివర్ధన్ ఒకరు. కుప్పుస్వామి నాయుడు గారు పెట్టిన లక్ష్మీ మిల్లు కుటుంబం. ఇంట్లో డబ్బుంది కాబట్టి రేసు ఆడుకున్నాడు అనేస్తే సగమే చెప్పినట్టు. ఆయన స్వయంగా బండ్లు గీశాడు, కట్టాడు. 1980ల చివర మారుతీ 800 ఇంజను పెట్టి ఫార్ములా మారుతి బండి తయారుచేశాడు. దిగుమతి బండి కొనలేని కుర్రాడికి కూడా ట్రాకు అందాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన. 1995లో చిన్న వయసులోనే పోయాడు. 2003లో చెట్టిపాళయంలో తెరిచిన ట్రాకుకు ఆయన పేరే, కరి మోటార్ స్పీడ్‌వే. ఫార్ములా మారుతీలో మొదలుపెట్టిన మన ఊరి నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడయ్యాడు. అదే ఏడు ఇండియానాపోలిస్‌లో నాలుగో స్థానం. టైర్ల గొడవలో మిగతావాళ్ళు తప్పుకోగా ఆ రోజు పరిగెత్తినవి ఆరే బండ్లు, అదీ చెప్పుకోవాలి. అయినా ఆయన తెచ్చిన ఐదు పాయింట్లు ఈ దేశానికి వచ్చిన మొదటి పాయింట్లు.

వేగం అంటే ఇష్టపడే కుర్రాడు ప్రతి తరంలోనూ ఉంటాడు. వాడికి ట్రాకు చూపిస్తామా, బైపాసుకు వదిలేస్తామా అన్నదొక్కటే మన చేతిలో ఉంది. అందరినీ చెట్టిపాళయం పంపే స్తోమత సంఘానికి లేదు. ఉన్నది ఒక స్టీరింగు.

అందుకే ఆట ఎంపికలో మేం పెట్టుకున్న షరతు ఒక్కటే: తప్పు చేస్తే బండి తప్పు చేసినట్టే చెయ్యాలి. అడ్డదిడ్డంగా తోలితే గెలిచే ఆట వద్దు.

ఐరేసింగు చూశాం. పాపిరస్ కేమర్ తర్వాత పెట్టిన సంస్థదే, 2008లో వచ్చింది. ట్రాకులను లేజరుతో కొలిచి చేస్తారు, పక్క బండిని గుద్దితే నీ ఖాతాలో మచ్చ పడుతుంది. నేర్పడానికి దానికి మించింది లేదేమో. కానీ చందా కడుతూ ఉండాలి, చాలా బండ్లూ ట్రాకులూ విడిగా కొనాలి, పైగా ఒక మనిషికి ఒక ఖాతా. పదిహేనుమంది పిల్లలు వంతులు వేసుకునే గదికి అది కుదరదు.

ఫార్ములా వన్ ఆటల్లో 2012 నాటిదాని మీద మాకు మమకారం. అందులో నారాయణ్ ఉన్నాడు, ఢిల్లీ దగ్గరి బుద్ధ్ ట్రాకు కూడా ఉంది. కానీ చిన్నాయన చేతికి అది అంతగా మాట్లాడలేదు. 2004 నాటి రిచర్డ్ బర్న్స్ ర్యాలీ పాతదైనా అభిమానులు ఇంకా బతికించుకుంటున్నారు. మట్టి దారి, మంచు దారి, క్షమాపణ లేదు. మా పిల్లల్లో ఇద్దరు ఏడుపు ముఖం పెట్టారు.

చివరకు అసెట్టో కోర్సా నిలిచింది. ఇటలీలో కునోస్ సిములాట్సియోనీ అనే చిన్న సంస్థ 2014లో పూర్తిచేసిన ఆట. ఒకసారి కొంటే చాలు, పాత కంప్యూటరు మీద నడుస్తుంది, నెట్టు లేకపోయినా ఒంటరిగా ఆడొచ్చు. చిన్నాయన చిన్న బండి ఒకటి ఎంచుకుని నెమ్మదిగా ఒక చుట్టు తోలారు. రెండో చుట్టులో కావాలని ఒక మలుపు వేగంగా తిప్పారు. స్టీరింగు పలచబడింది. బండి జారకముందే ఆయన కాలు తీసేశారు. "ఆ, వచ్చింది" అన్నారు. అంతే, ఓటింగు కూడా అక్కర్లేకపోయింది.

ఇంకో చిన్న ఖర్చు కూడా రాయాలి. ప్రాగ్‌లోని ఎస్‌సీఎస్ సంస్థ 2012లో తెచ్చిన యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 కూడా కొన్నాం. రేసు ఆట కాదు, సరుకు లారీ తోలే ఆట. పెద్దవాళ్ళ కోసం కొన్నాం. ఇంగ్లండు రోడ్లలో మనలాగే ఎడమవైపు నడవాలి. ట్రెయిలరు వెనక్కి పెట్టడంలో చిన్నాయనను మించినవాడు గదిలో ఇంకా పుట్టలేదు. ఆయన వెనక్కి పెడుతుంటే పిల్లలు చుట్టూ నిలబడి అరుస్తారు, తెలుగులోనే. ఇళ్ళలో తమిళంలో తప్ప జవాబివ్వని పిల్లలు ఆయనతో "ఇంకొంచెం ఎడమకు తాతా" అనడం మేం చెవులారా విన్నాం.

మొదట ప్లాస్టిక్ బల్లకు బిగిస్తే మోటారు తోపుకు బల్లే నడిచింది. లేత్ పట్టరై ఉన్న మన సభ్యుడొకరు ఇనుప స్టాండు వెల్డింగు చేసి పైసా తీసుకోకుండా ఇచ్చారు. ఆయన కుర్రతనంలో రైలెక్కి షోళవరం రేసులకు పోయినవారట. స్టాండు బిగిస్తూ పిల్లలను అడిగారు, దీంట్లో షోళవరం ఉందా అని. లేదు. అసెట్టో కోర్సాతో మోంజా వస్తుంది, సిల్వర్‌స్టోన్ వస్తుంది, మన దేశపు ట్రాకు ఒక్కటీ రాదు. అయితే ఆ ఆటలో తెలిసినవాడు సొంతంగా ట్రాకు తయారుచేసి పెట్టుకోవచ్చు. ఇంజనీరింగు చదివే మన పిల్లలిద్దరు అది విని ఆయన్ను వదల్లేదు. పాత క్యాలెండరు వెనక ఆయన గుర్తున్నంతవరకు గీసిచ్చారు. మలుపుల దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.

అందుకని సభ్యులకు ఒక మనవి. మీ ఇళ్ళల్లో షోళవరం రేసుల ఫోటోలు, టిక్కెట్లు, పాత కరపత్రాలు ఏమున్నా ఆదివారం ఉదయం హాలుకు తీసుకురండి. అక్కడే ఫోటో తీసుకుని వెంటనే వాపసు ఇచ్చేస్తాం. ఫోను చేసిన పెద్దాయన తప్పకుండా రావాలి. ఆయన కూడా ఆ రోజుల్లో మద్రాసులోనే ఉద్యోగం చేశారని మాకు తెలుసు.