కొవ్వొత్తీ, చెంచా

మూత్రపిండాలంతటి నోరులేని జీవాలు మన ఒంట్లో మరి లేవు. పన్ను సలిపితే ఇల్లంతా లేపుతుంది. ఇవి మాత్రం సగం పని మానేసినా కిక్కురుమనవు. వాటి గుట్టు రాబట్టడానికి డాక్టర్లు పడిన పాట్లు చదువుతుంటే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

ఒకప్పుడు ఐరోపా వైద్యులు రోగి మూత్రాన్ని గాజుబుడ్డిలో పోసి, వెలుతురుకెత్తి చూసి, రంగునుబట్టి రోగం చెప్పేసేవారు. రోగి మొహం చూడకుండానే చెప్పిన ఘనులూ ఉన్నారు!

నాకు అన్నిటికంటే నచ్చిన మనిషి లండన్ గైస్ ఆసుపత్రి డాక్టరు రిచర్డ్ బ్రైట్. ఒళ్లంతా నీరు పట్టి ఉబ్బిపోయినవాళ్లు ఆ ఆసుపత్రికి వచ్చేవారు. వాళ్ల మూత్రం ఒక చెంచాలో పోసి, కొవ్వొత్తి మంట మీద కాచేవారు. కొందరిది గుడ్డు తెల్లసొనలాగా గడ్డకట్టేది. అదే ఆల్బుమిన్. లేబరేటరీ అంతా ఆ కొవ్వొత్తీ, చెంచానే! ఈ గడ్డకట్టడం ఇటలీలో కొటూన్యో 1764లోనే రాసిపెట్టాడు. బ్రైట్ గారి గొప్ప ఏమిటంటే, చనిపోయిన రోగులను కోసి చూసి, ఉబ్బు, చెంచాలోని గడ్డ, పాడైన మూత్రపిండాలు మూడూ ఒకే కథ అని 1827లో అచ్చువేసి చూపించారు. పాపం, రోగం పట్టుకున్నారు గానీ, రక్తం తీయడం, విరేచనాలు చేయించడం తప్ప చేతిలో పెద్ద వైద్యమేమీ లేదు.

ఇక రక్తం సంగతి. కండరాల్లో పుట్టే చెత్త క్రియాటినైన్. దాన్ని వడకట్టి పారబోయడం మూత్రపిండాల పని. దానికి క్షారంలో పిక్రిక్ ఆమ్లం కలిపితే నారింజ ఎరుపు తేలుతుందని 1886లో జర్మనీలో మాక్స్ యాఫే కనిపెట్టాడు. ఆ రంగుతో కొలత వేయడం 1904లో ఓటో ఫోలిన్ నేర్పాడు. ఈనాటికీ ఎన్నో లేబుల్లో ఆ రంగే. అన్నట్టు, ఫోలిన్ తరవాత పనిచేసిన హార్వర్డులోనే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి, రక్తమూత్రాల్లో భాస్వరం కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. మూత్రపిండాలు చెడితే రక్తంలో పేరుకునేవాటిలో భాస్వరమూ ఒకటి.

కొవ్వొత్తికి సెలవిచ్చిన వాళ్లలో ఒక ఇల్లాలుంది. కెమిస్టు హెలెన్ ఫ్రీ, ఆమె భర్త ఆల్‌ఫ్రెడ్, ముంచి చూసే కాగితప్పట్టీలు చేశారు. 1956లో చక్కెరకి, ఆ వెనుకే ఆల్బుమిన్‌కి.

అయితే పట్టీ ఒక్కటీ చాలదు. శ్రీకాకుళం ఉద్దానంలో కష్టజీవులను పట్టిన మూత్రపిండాల జబ్బులో చాలామందికి ఆల్బుమిన్ అంతగా పోదు. రక్తం చూస్తేనే బయటపడుతుంది. పోనీ రక్తమొక్కటే చూద్దామా అంటే, క్రియాటినైన్ కండను బట్టి ఉంటుందాయె! 1.2 అన్న అంకె పహిల్వానుకి మామూలే. చిక్కి సగమైన బామ్మగారికి అదే అంకె వస్తే, ఆవిడ మూత్రపిండాలు అప్పటికే చాలా నీరసించాయన్నమాట. అందుకే ఇప్పుడు వయసూ, ఆడా మగా చూసి లెక్కకట్టి, ఈజీఎఫ్ఆర్ అని మరో అంకె పక్కన వేస్తున్నారు.