ఎండోకార్డైటిస్: పుట్టుకతో గుండెలోపం ఉన్న పెద్దల్లో

గుండె లోపలి పొరకు, ముఖ్యంగా కవాటాలకు సూక్ష్మజీవులు సోకి వచ్చే జబ్బు. జఠరికల మధ్య గోడకు రంధ్రం, బృహద్ధమని కవాటానికి మూడు రెక్కల బదులు రెండే ఉండటం వంటి లోపాలున్నవారికి ముప్పు ఎక్కువ. రక్తం వడిగా రాసుకున్నచోట పొర దెబ్బతింటుంది. నోటిలోని స్ట్రెప్టోకాకస్, చర్మం మీది స్టెఫైలోకాకస్ రక్తంలో చేరితే అక్కడే తిష్ఠ వేస్తాయి.

వారాల తరబడి విడవని జ్వరం, ఆయాసం, బరువు తగ్గడం లక్షణాలు. కొందరికి గోళ్ల కింద సన్నటి ఎర్రని గీతలు పడతాయి. టైఫాయిడ్ అనుకుని మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగడంతోనే చిక్కు: ఆ తర్వాత బ్లడ్ కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు. అందుకే మందుకు ముందే, విడివిడిగా మూడుసార్లు రక్తం తీస్తారు. గుండె స్కాన్ (ఎకో) తప్పనిసరి. సాధారణంగా 4 నుంచి 6 వారాలు నరానికి ఇంజెక్షన్లు ఇస్తారు. కవాటం బాగా చెడితే ఆపరేషన్.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాసులకు దగ్గరలోని పుట్టపర్తి ప్రశాంతిగ్రామంలో 1991 నవంబరులో మొదలైన సత్యసాయి ఉన్నత వైద్య సంస్థ గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తోంది. 2007 ఏప్రిల్‌లో ఉచిత చికిత్సల ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ తొలిగా అమలైన మూడు జిల్లాల్లో అప్పటి అనంతపురం ఒకటి. ఆనాడు ఆపరేషన్ అయిన పిల్లలు నేడు పెద్దవాళ్లు. రంధ్రం పూడ్చారు కదా అని చెకప్‌లు మానేయడం సరికాదు.

కృత్రిమ కవాటం ఉన్నవారు, ఈ జబ్బు ఒకసారి వచ్చినవారు, ఆపరేషన్ కాని నీలి గుండెజబ్బు ఉన్నవారు పన్ను పీకించుకునే ముందు డెంటిస్టుకు ఆ సంగతి చెప్పాలి. అరగంట నుంచి గంట ముందు 2 గ్రాముల అమాక్సిసిలిన్ ఇస్తారు. పెన్సిలిన్ పడనివారికి వేరే మందు ఉంటుంది.