నలభై దాటాక క్లిప్పులు

విజయవాడ సూర్యారావుపేట. సాయంత్రం ఆరవుతోంది. రోడ్డు పొడవునా ఆసుపత్రుల బోర్డులు వెలుగుతున్నాయి. మెట్లెక్కి తలుపు తోయగానే లవంగనూనె వాసన. కుర్చీల నిండా బడి యూనిఫాంలో పిల్లలు, వాళ్ల తల్లులు.

"మీ బాబు లోపలున్నాడా అండీ?" పక్కనున్నావిడ అడుగుతుంది.

"లేదండీ, చూపించుకునేది నేనే" అంటారు మీరు. మీకు నలభై రెండేళ్లు.

లోపల కుర్చీ వెనక్కి వాలుతుంది. డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి ఒకదానిమీదికొకటి ఎక్కిన కింది పళ్లను చూస్తుంది. తర్వాత గీతలున్న సన్నని పుల్లను చిగురు అంచున దించి పన్ను పన్నుకీ లోతు కొలుస్తుంది. "రెండు... మూడు... రెండు..." అసిస్టెంట్ రాసుకుంటోంది. మూడు మిల్లీమీటర్ల వరకు భయం లేదు. దవడ పంటి దగ్గర "అయిదు" అని ఆగిపోతుంది.

"ముందు ఇక్కడ గార తీసి చిగురు నయం చెయ్యాలి. జబ్బు చిగురు మీద క్లిప్పులు వేస్తే ఉన్న ఎముక కూడా కరిగిపోతుంది."

"ఈ వయసులో పళ్లు కదులుతాయా అండీ?"

గోడమీద మీ ఎక్స్‌రే వెలుగుతుంది. ప్రతి వేరు చుట్టూ సన్నని నల్లగీత. "పన్ను ఎముకలో దిగ్గొట్టిన మేకు కాదండీ. ఈ గీత ఉన్నచోట నారల పొర ఉంటుంది. మెల్లగా నెడుతుంటే, నెట్టిన వైపు కొన్ని కణాలు ఎముకను కరిగిస్తాయి, వెనకవైపు మరికొన్ని కొత్త ఎముక కడతాయి. అరవైలోనూ ఇది జరుగుతుంది. కాకపోతే దవడ ఎదుగుదల ఆగిపోయింది కనుక, దవడలోనే తేడా ఉంటే ఆపరేషన్ కావాలి. మీకు ఆ అవసరం లేదు." నెలకు సుమారు ఒక మిల్లీమీటరు, అంతే వేగం.

బల్లమీద నమూనా దవడలు వరుసగా పెడుతుంది. ఒకదానికి లోహపు క్లిప్పులు: ఖర్చు తక్కువ, గట్టివి. మరొకదానికి పంటిరంగు సిరామిక్: దూరానికి కనపడవు, కానీ పప్పుచారులో పసుపుకు వాటి రబ్బరు రింగులు పచ్చబడతాయి. ఇంకోదానికి పళ్ల వెనక అంటించినవి: ఎవరికీ కనపడవు, కొన్నాళ్లు నాలుక ఒరుసుకుని మాట తడబడుతుంది. చివరగా పారదర్శకమైన అలైనర్లు. అమెరికాలో 1998లో అలైనర్ల బ్రాండు ఇన్విజలైన్‌కు అనుమతి వచ్చాక పెద్దవాళ్లలో బాగా వ్యాపించినవి. ఒక్కో తొడుగు పంటిని పావు మిల్లీమీటరు జరుపుతుంది. వారం, రెండు వారాలకొకటి మార్చాలి.

మీ చెయ్యి అలైనర్ మీదికి పోతుంది.

"రోజుకెన్ని కాఫీలు తాగుతారు?"

"నాలుగైదు..."

"తాగిన ప్రతిసారీ తీసి, నోరు శుభ్రం చేసుకుని మళ్లీ పెట్టాలి. రోజుకు ఇరవై, ఇరవై రెండు గంటలు నోట్లో ఉంటేనే పని చేస్తాయి. నిజంగా అంతసేపు పెట్టుకోగలరా?"

కాసేపు ఆలోచించి లోహపు నమూనా వైపు చూపిస్తారు.

చిగుళ్లు నయమయ్యాక మళ్లీ అదే కుర్చీ. నీలిరంగు జెల్ పూసి కడిగితే పంటి మెరుపు పోయి తెల్లగా పాలిపోతుంది. ఒక్కో పంటికీ తీగను పట్టే చిన్న బ్రాకెట్ పెట్టి, నీలికాంతి పట్టి, ఆ బ్రాకెట్లన్నిటిలోంచీ సన్నని నికెల్ టైటానియం తీగ దూరుస్తుంది. ఎంత వంచినా మళ్లీ తన ఆకారానికే వస్తుందా తీగ. పళ్లను లాగేది ఆ గుణమే. రాత్రికి దవడంతా సలుపు. మర్నాడు మెత్తటి ఇడ్లీ కూడా నమలలేరు. రెండు మూడు రోజుల్లో ఆ నొప్పి సర్దుకుంటుంది.

పెద్ద వయసులో పళ్లు సరిచేయించుకోవాలని ఉంటే వయసు గురించి జంకకండి. ఆర్థోడాంటిక్స్‌లో ఎం.డి.ఎస్. చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. చిగుళ్లు కొలవకుండా, ఎక్స్‌రే చూడకుండా తొడుగులు చేతికిచ్చే చోట ఒప్పుకోకండి. క్లిప్పులు తీశాక, పళ్లను ఉన్నచోటే నిలిపే రిటైనర్ మానకండి. అది మానేస్తే పళ్లు మళ్లీ పాత దారి పడతాయి.