ఒక్క పలకపై పలు రంగులు

మారికుప్పమువారికి త్రవ్వకమును గూర్చి ఒకరు చెప్పనక్కరలేదు. 1880లో జాన్ టేలర్ సంస్థవారు ఈ గనుల పని చేపట్టినది మొదలు, 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడువరకు, మన పెద్దలు లెవెలు క్రింద లెవెలుగా నేల లోనికి పోవుచునే యుండిరి. పైకి వచ్చిన రాయి మరల లోనికి పోలేదు. పొడియై సయనైడు దిబ్బలుగా మన కన్నుల యెదుట నిలిచినది. త్రవ్విన కొలది తరుగుచు, తరిగినది తిరిగి రాని పని చిత్రకళలోను ఒకటి యున్నది. లినోలియం పలకపై రంగుల ముఖచిత్రమును చెక్కి అచ్చొత్తుట అట్టిది.

లినోలియము మొదట కళాకారులకై పుట్టినది కాదు. 1860 ప్రాంతమున ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అను నాతడు అవిసెనూనెను గాలి తగిలించి గట్టిపరచి, కార్కు పొడి కలిపి, గోనెగుడ్డపై పరచి, ఇండ్లలో నేలపై వేయు పరుపుగా దానిని తయారుచేసెను. కొయ్యకు ఉన్నట్టు దీనికి నార లేదు; ఉలి యే దిక్కునకైనను సాగును. చలి ఉదయములలో మాత్రము బిగిసికొనును. కొంతసేపు ఎండలో పెట్టినచో మెత్తబడును. ఈ చవుక సరుకును మన దేశమున గౌరవస్థానమునకు తెచ్చినది నందలాల్ బోస్. 1930లో దండియాత్రను తలచి, కఱ్ఱ చేతబట్టి నడచుచున్న గాంధీజీని ఆయన లినోలియంపై చెక్కెను. నలుపు, తెలుపు తప్ప అందు మరి రంగు లేదు, అది చాలినది.

రంగులు కావలసినప్పుడే చిక్కు. మచిలీపట్నపు అద్దకమువారు దీనిని ఏనాడో తీర్చుకొనిరి: గీతకు ఒక అచ్చు, నింపుటకు వేరొక అచ్చు. పికాసో కూడ మొదట ఆ మార్గమునే పోయెను. 1958లో, చిన్న క్రానాక్ వేసిన ఒక స్త్రీ చిత్రమును ఆధారముగా గొని, రంగునకొక పలక చొప్పున లినోలియంపై ముఖచిత్రమును చేసెను. పలకలన్నియు ఒకదానిపై ఒకటి సరిగా కూడుట ఎంత ప్రయాసయో అప్పుడు తెలిసినది. మరుసటి సంవత్సరము నుండి ఒక్క పలకనే కొంత చెక్కి ఒక రంగు, మరికొంత చెక్కి మరొక రంగు అచ్చొత్తు పద్ధతిని చేపట్టెను. ఫ్రాన్సులోని వలోరీ గ్రామమున అచ్చు పని చూచినవాడు హిడాల్గో ఆర్నేరా. ఇట్టివారి పేరు గ్రంథములలో చిన్న అక్షరములలోనే కనబడుట న్యాయము కాదని మా అభిప్రాయము.

పని యిట్లుండును. ఒక తాతగారి ముఖము చెక్కవలెననుకొందము. బొమ్మను అద్దములో కనబడునట్లు తిప్పి గీయవలెను; లేనిచో కుడి చెంపపై మచ్చ ఎడమకు మారును. నుదుటి విభూతి, నెరసిన మీసము, కంటిలోని మెరుపు — ఇవి కాగితపు తెలుపుగానే ఉండవలెను గనుక వాటిని మొదటనే చెక్కి తీసివేయుదురు. మిగిలిన పలకకు లేత గోధుమరంగు పూసి, కావలసిన ప్రతులన్నియు, చెడిపోవు వాటికి మరికొన్ని కలిపి, ఒక్కసారే తీయవలెను. సిరా ఆరిన పిమ్మట, ఆ లేతరంగు నిలువవలసిన ముక్కు దూలమును, చెంప ఎత్తును చెక్కివేసి, ఎఱ్ఱమన్ను రంగు, పిదప ముదురు గోధుమ, తుదకు నలుపు. ప్రతి మారును కాగితము వెంట్రుకవాసి తేడా లేక అదే చోట పడవలెను. చామనచాయ మొగమునకు ఈ విధానము మిక్కిలి పొసగును. లేతరంగు మీద ముదురురంగు పడినప్పుడు, అడుగున వెచ్చదనము కొంత మిగులును. అయితే కంటిపాపను పొరపాటున రెండవ విడతలో చెక్కివేసినచో, ఆ తాతగారికి ఇక చూపు లేదు. పాశ్చాత్యులు దీనికి 'ఆత్మహత్యా ముద్రణ' మని పేరు పెట్టిరి.

పలకను చంపకయే ఒక్కదాని నుండి పలు రంగులు రాబట్ట వచ్చునా? ఈ ప్రశ్నకు మారుపలికినవాడు మన పొరుగువాడే. సరిహద్దు కావల చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో జన్మించిన కృష్ణారెడ్డి, శాంతినికేతనమున నందలాల్ బోస్ శిష్యుడు. మదరాసు కళాక్షేత్రమున కొంతకాలము బోధించి, లండను మీదుగా పారిస్ చేరి, హేటర్ నడపిన అటెలియే 17 అను ముద్రణశాలలో కైకో మోతీ మొదలగువారితో కలసి క్రొత్త విధానమును రూపొందించెను. లోహపు రేకును వేర్వేరు లోతులలో చెక్కుట. గట్టి రూళ్లకఱ్ఱ పైతలమునకు మాత్రమే రంగు తాకించును, మెత్తనిది లోతులకు దిగును. నూనె ఎక్కువగా గల పలుచని సిరాపై చిక్కని సిరా అంటదు. కనుక ఏ లెవెలు రంగు ఆ లెవెలున నిలిచి, రంగులన్నియు ఒక్క ఒత్తిడిలోనే కాగితముపైకి వచ్చును. గనిలో పనిచేసిన కుటుంబములకు ఈ లెవెళ్ల మాట వివరింపవలసిన పని లేదు.

ఆయన ముఖ్యముగా ముఖచిత్రకారుడు కాడు. 1963 నాటి 'సుడిగుండము' నీటి తిరుగుడును చూపును. 1972లో పద్మశ్రీ లభించినది. 2018లో న్యూయార్కున కన్నుమూసెను. ఆయన రేకులకు మరల సిరా పూయ వచ్చును. లినో తాతగారి పలకపై తుదకు మిగులునవి కనుబొమలు, కంటిపాపలు, మెడ క్రింది నీడ. ఇరువది ప్రతులు తీసియున్నచో, ఇరువది యొకటవది ఆ పలక నుండి రాదు.