పడని జెండా
అమెరికన్ ఫుట్‌బాల్‌లో అరశతాబ్దపు రిఫరీ వివాదాలు

1972 డిసెంబరు 23. పిట్స్‌బర్గ్‌లోని త్రీ రివర్స్ స్టేడియం. ఓక్లండ్ రైడర్స్ 7, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ 6. ఆట ముగియడానికి మిగిలింది 22 సెకన్లు. స్టీలర్స్ క్వార్టర్‌బ్యాక్ టెర్రీ బ్రాడ్‌షా ఆఖరి ఆశగా బంతి విసిరాడు. దాన్ని అందుకోబోయిన ఫ్రెంచీ ఫుకా, అడ్డుకోబోయిన రైడర్స్ ఆటగాడు జాక్ టేటమ్ ఢీకొన్నారు. బంతి వెనక్కి ఎగిరింది. నేలను తాకేలోపే స్టీలర్స్‌కే చెందిన ఫ్రాంకో హ్యారిస్ దాన్ని కాళ్ల దగ్గర ఒడిసిపట్టి, ఆగకుండా పరుగెత్తి గోల్ గీత దాటేశాడు.

అది టచ్‌డౌన్ అవుతుందా? అప్పటి నిబంధన ప్రకారం, విసిరిన బంతి సొంత జట్టువాడికి తగిలాక మధ్యలో ప్రత్యర్థిని తాకకుండా అదే జట్టులోని మరొకడు పట్టుకుంటే చెల్లదు. కాబట్టి బంతి తగిలింది టేటమ్‌కా, ఫుకాకా అన్నదే అసలు తగువు. రిఫరీ ఫ్రెడ్ స్వేరింజన్ సహచరులను అడిగాడు. ఆ తర్వాత ఫోన్‌లో, పైన ప్రెస్ బాక్సులో ఉన్న రిఫరీల పర్యవేక్షకుడు ఆర్ట్ మెక్‌నాలీతో మాట్లాడాడు. తిరిగొచ్చి రెండు చేతులూ పైకెత్తాడు. టచ్‌డౌన్! స్టీలర్స్ 13–7తో గెలిచారు. పైనున్నవాళ్లు టీవీలో రీప్లే చూసి చెప్పారేమోనన్న అనుమానం అప్పుడే మొదలైంది. అలాంటిదేమీ లేదని మెక్‌నాలీ చెబుతూనే వచ్చాడు.

విచిత్రమేమిటంటే, ఆ క్షణాన్ని చాలామంది పిట్స్‌బర్గ్ వాసులు టీవీలో చూడనే లేదు. సొంతూళ్లో జరిగే మ్యాచ్‌ను స్థానికంగా ప్రసారం చేయకూడదన్నది అప్పటి నియమం. చూసినవాళ్లకూ దొరికిన దృశ్యాలు ఏదీ తేల్చలేదు. ‘ఇమాక్యులేట్ రిసెప్షన్’ పేరుతో ఆ క్యాచ్ పిట్స్‌బర్గ్‌లో పురాణమైంది. అక్కడి విమానాశ్రయంలో జార్జ్ వాషింగ్టన్ విగ్రహం సరసన హ్యారిస్ విగ్రహం నిలబెట్టారు. రైడర్స్ కోచ్ జాన్ మాడెన్‌కు మాత్రం ఆ తీర్పు ఎన్నటికీ మింగుడుపడలేదు. అసలు సంగతి తనకు తెలుసంటూనే చెప్పకుండా ఊరించడం ఫుకాకు అలవాటైపోయింది. సందేహం తీరలేదు కాబట్టే రెండు ఊళ్లూ ఎవరి కథ వాళ్లు చెప్పుకున్నాయి.

సాక్షి వచ్చింది

కెమెరాను సాక్షిగా కూర్చోబెడితే తగువులుండవని ఈ ఆటను నడిపే లీగ్ 1986లో రీప్లే తెచ్చింది. ఆట సాగదీతకు గురవుతోందన్న విసుగు పెరగడంతో 1992లో జట్ల యజమానులు దాన్ని పక్కన పెట్టేశారు. అదే ఏడాది డర్బన్ టెస్టులో క్రికెట్ తొలిసారి మూడో అంపైర్‌ను పిలిచింది. ఆ టీవీ కంటికి మొదట దొరికింది మన సచినే.

అమెరికా మళ్లీ కెమెరా వైపు చూడ్డానికి ఒక హెల్మెట్ చాలింది. 1998 డిసెంబరు 6న న్యూయార్క్ జెట్స్ ఆటగాడు విన్నీ టెస్టావెర్డీ గోల్ గీత ముందు పడ్డాడు. గీత దాటింది అతని తల. బంతి ఇవతలే ఉండిపోయింది. రిఫరీలు టచ్‌డౌన్ ఇచ్చేశారు. సియాటిల్ సీహాక్స్ 32–31తో ఓడింది. ఆ జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు, కోచ్ ఉద్యోగం పోయింది. 1999లో రీప్లే తిరిగొచ్చింది.

అయితే రైడర్స్‌కు మరో దెబ్బ రాసిపెట్టి ఉంది. 2002 జనవరి 19న ఫాక్స్‌బరోలో మంచు కురుస్తోంది. రైడర్స్ 13, న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ 10. రెండు నిమిషాలు కూడా లేవు. రైడర్స్ ఆటగాడు చార్లెస్ వుడ్సన్ గుద్దిన దెబ్బకు పేట్రియాట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రాడీ చేతిలోంచి బంతి జారింది, రైడర్స్ దక్కించుకున్నారు. ఇక గెలిచినట్టే అనుకున్నారు. రిఫరీ వాల్ట్ కోల్‌మన్ రీప్లే చూసి తీర్పు మార్చాడు. చేయి ఒకసారి ముందుకు కదిలాక, బంతిని తిరిగి ఒంటికి చేర్చుకునే ప్రయత్నంలో జారినా అది విసిరిన బంతి కిందే లెక్కని అప్పటి నిబంధన పుస్తకంలో ఉంది. బంతి బ్రాడీ జట్టుకే మిగిలింది. ఆడమ్ వినాటియరీ ఆ మంచులోనే 45 గజాల నుంచి తన్ని స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో పేట్రియాట్స్ 16–13తో గెలిచి, ఆ సీజన్‌లోనే లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను తొలిసారి గెలుచుకున్నారు.

ఈసారి కెమెరా చూడాల్సింది చూసింది, రిఫరీ పుస్తకంలో ఉన్నదే చెప్పాడు. అదే సీజన్ మొదట్లో జెట్స్‌తో మ్యాచ్‌లో ఇదే నిబంధన పేట్రియాట్స్‌నూ దెబ్బతీసింది. అయినా రైడర్స్ అభిమానుల కోపం చల్లారలేదు. జారిన బంతిని విసిరిన బంతి అంటే కంటికి ఆనదు మరి. 2013లో లీగ్ ఆ నిబంధనను కొట్టేసింది.

అందరూ చూసిన తప్పు

న్యూ ఆర్లీన్స్‌ది ఇంకో రకం బాధ. 2019 జనవరి 20న అక్కడి సూపర్‌డోమ్‌లో సొంత జట్టు సెయింట్స్, లాస్ ఏంజిలెస్ రామ్స్ 20–20తో ఉన్నారు. గెలిచినవారిది సూపర్ బౌల్ బెర్తు. 1 నిమిషం 49 సెకన్లు మిగిలుండగా సెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ విసిరిన బంతి గాల్లో ఉండగానే, దాన్ని అందుకోవాల్సిన టామీలీ లూయిస్‌ను రామ్స్ ఆటగాడు నికెల్ రోబీ-కోల్‌మన్ గుద్ది పడేశాడు. బంతి చేరకముందే అలా అడ్డుకోవడం ‘పాస్ ఇంటర్‌ఫియరెన్స్’. రిఫరీ పసుపు జెండా విసరాలి. ఏ జెండా పడలేదు. అలాంటి తప్పును తేల్చే అధికారం అప్పటికి రీప్లేకూ లేదు. రామ్స్ అదనపు సమయంలో 26–23తో గెలిచారు. తాను తొందరపడి ముందే వెళ్లి గుద్దానని రోబీ-కోల్‌మన్ మ్యాచ్ అయ్యాక దాచకుండా చెప్పాడు. లీగ్ అతనికి 26,739 డాలర్ల జరిమానా వేసింది. అది జెండా పడాల్సిన తప్పేనని కమిషనర్ రోజర్ గూడెల్ కూడా ఒప్పుకున్నాడు. ఫలితం మాత్రం మారలేదు.

ఊరు ఊరంతా భగ్గుమంది. ఆ రాష్ట్ర గవర్నర్ లీగ్‌కు లేఖ రాశాడు. సెనెటర్ బిల్ కాసిడీ ఆ గుద్దిన క్షణపు ఫొటోను అమెరికా సెనేట్‌లో ఎత్తి చూపాడు. అసాధారణ అన్యాయం జరిగితే మ్యాచ్‌ను మళ్లీ ఆడించే అధికారం కమిషనర్‌కు ఉందంటూ టికెట్లు కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. కోర్టులు ఒప్పుకోలేదు. సూపర్ బౌల్ రోజున జనం టీవీలు కట్టేసి, గుడ్డి రిఫరీల వేషాలు కట్టి వీధుల్లో బ్యాండు మేళాలతో ఊరేగారు. ఆ ఊళ్లో మ్యాచ్ చూసినవారి వాటా అంతకుముందు ఏడాదితో పోలిస్తే సుమారు సగానికి పడిపోయింది. మర్నాడు టైమ్స్-పికయూన్ పత్రిక మొదటి పేజీని దాదాపు ఖాళీగా వదిలేసి, ఏ సూపర్ బౌల్ అని మాత్రం అడిగింది.

లీగ్ దిగొచ్చింది. పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌ను, జెండా పడకపోయినా సరే, రీప్లేలో తేల్చవచ్చని 2019 మార్చిలో ఒక ఏడాది ప్రయోగంగా నిబంధన తెచ్చింది. సీజన్ సాగేకొద్దీ చిక్కు బయటపడింది. బంతి గీత దాటిందా అంటే కెమెరా చెబుతుంది. ఎంత తాకితే తప్పు అన్నది కొలతకు లొంగేది కాదు. న్యూయార్క్‌లోని లీగ్ కార్యాలయంలో కూర్చుని పరిశీలించేవాళ్లు మైదానంలోని నిర్ణయాన్ని మార్చడానికి జంకారు.

2020 జనవరి 5న అదే సూపర్‌డోమ్‌లో మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కైల్ రుడాల్ఫ్, తనను కాపుకాస్తున్న సెయింట్స్ ఆటగాణ్ణి చేత్తో నెట్టినట్టు కనిపిస్తూనే బంతి పట్టాడు. ఆ క్యాచ్‌తోనే వైకింగ్స్ 26–20తో గెలిచారు. సెయింట్స్ గోడు విని పుట్టిన నిబంధన అప్పటికి అమల్లోనే ఉంది. న్యూయార్క్ పరిశీలించి, నిర్ణయం మార్చక్కర్లేదంది. ఆ ఏడాదే ప్రయోగానికి తెరపడింది.

రీప్లే వల్ల ఎన్నో చిన్న పొరపాట్లు సరయ్యాయి, అందులో అబద్ధం లేదు. అయితే 1972లో ఓడినవాడికి సందేహం మిగిలింది, దాంతో యాభై ఏళ్లు వాదించుకున్నాడు. 2019లో ఓడినవాడికి రుజువు మిగిలింది. ఒప్పుకోలూ దొరికింది. వాటిని తీసుకునే చోటు మాత్రం ఎక్కడా లేకపోయింది. అభిమానికి ఓటమికన్నా ఎక్కువ గుచ్చుకునేది అదే.