మూల్యక్రయము – కర్తృత్వము

గ్రంథస్వామ్యమను భావము ముద్రణయంత్రముతోడనే మన దేశమునకు వచ్చినదని కొందరి తలంపు. విక్రయార్హమైన హక్కు విషయమున ఇది కొంతవరకు నిజమే. కాని పరుల రచనను తనదిగా చెప్పుకొనుట దోషమన్న ధర్మము అంతకంటె మిక్కిలి ప్రాచీనము. ఈ రెంటికిని గల భేదమును ఇచట పరిశీలింతము.

ప్రతీహార ప్రభువు మహేంద్రపాలుని ఆస్థానమున నుండిన రాజశేఖరుడు కావ్యమీమాంసలో 11వ అధ్యాయమును శబ్దహరణమునకును, తరువాతి రెండధ్యాయములను అర్థహరణమునకును వినియోగించెను. పదము మొదలు ప్రబంధము వరకు శబ్దహరణ మైదు విధములు. ఇతర చౌర్యములు కాలక్రమమున మాసిపోవును గాని వాక్చౌర్యము పుత్రపౌత్రుల కాలమునకును మాయదను మాటను ఆతడు పేర్కొనెను. వెంటనే తన భార్య అవంతిసుందరి మతమునుగూడ తెలిపెను. మూలకర్త అప్రసిద్ధుడు, నేను ప్రసిద్ధుడను, ఆతడు దూరదేశీయుడు, ఆ గ్రంథము మరుగున పడినది – ఇట్టి కారణములచే కవులు పరోక్తులను గ్రహింతురని ఆమె చెప్పినది. వేయేండ్లు గడచినను ఈ సాకులలో ఒక్కటియు పాతబడలేదు.

ఇందు మనము ప్రత్యేకముగా గమనింపవలసినది మరియొకటి కలదు. వెలయిచ్చి కొనుటయు హరణమే యని రాజశేఖరుని నిర్ణయము. అమ్మినవాడు సమ్మతించినను దోషము పోదు. ఏలయన మోసపోవువాడు పాఠకుడు. మన కృతిసమర్పణ సంప్రదాయము ఈ ధర్మమునే పాటించినది. మనుచరిత్రమునకు కృష్ణదేవరాయలు కృతిభర్త, కృతికర్త పెద్దనయే. రాజసన్మానము కర్తృత్వమును మార్చలేదు.

1957 నాటి భారత గ్రంథస్వామ్య చట్టమును ఈ దృష్టితో చూడదగును. స్వామ్యమును పరులకు వ్రాసి యిచ్చుట కందు అవకాశము కలదు. అయినను, అట్లిచ్చిన పిమ్మటగూడ రచన తనదని చెప్పుకొను హక్కు కర్తకే యుండునని 57వ విభాగము పలుకుచున్నది. ఆస్తి చేతులు మారవచ్చును, కర్తృత్వము మారదు.

2018లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము పరిశోధన గ్రంథములలో పదసామ్యమునకు శాతముల కొలత నేర్పరచెను. 10 శాతము వరకు దండనము లేదు. కాని ధనమిచ్చి పరులచే క్రొత్తగా వ్రాయించుకొన్న సిద్ధాంత గ్రంథమున సామ్యము శూన్యముగనే యుండవచ్చును. యంత్రమునకు దొరకని యీ దోషము రాజశేఖరుని దృష్టికి దొరకినది. దానిని పట్టవలసిన భారము గురుశిష్యుల మనస్సాక్షిపై నున్నదని మా యభిప్రాయము.